పేరుపెట్టి పిలిచిన రాజు

ధ్యానభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము



మన పల్లెలలో క్రొత్త పిల్లవాడెవడైనను వీధిలో కనబడినయెడల, అరుగుమీద కూర్చున్న అవ్వ వానిని మొదట ఏమని అడుగును? "నీ పేరేమి?" అని కాదు. "ఎవురి బిడ్డవు నాయనా?" అని అడుగును. వాడు తండ్రి పేరో తాత పేరో చెప్పును. వెంటనే ఆమె ముఖము వికసించును. "ఓహో, వాళ్ల పిల్లోడివా! రా, కూచో" అని పిలిచి, చేతిలో నాలుగు చెనక్కాయలు పెట్టును. ఆ అవ్వ బడికి పోయి చదివినది కాకపోవచ్చును. అయినను ఒక గొప్ప సత్యము ఆమెకు తెలియును. మనుష్యుడు తన్ను తాను ఎంత పరీక్షించుకొన్నను తానెవడో తెలిసికొనజాలడు. తాను ఎవరివాడో తెలిసినప్పుడే తానెవడో అతనికి తెలియును.

అయితే అదే వీధిలో మరియొక వాడుకయు కలదు. కాలు వంకరయైనవాడు కుంటోడు. చూపులేనివాడు గుడ్డోడు. మాటరానివాడు మూగోడు. బిడ్డలులేని స్త్రీ గొడ్రాలు. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టిన పేరు బాప్తిస్మపు పుస్తకములోను, తుదకు సమాధిరాతిమీదను మాత్రమే కనబడును. బ్రదికియున్నంత కాలము వాని లోపమే వాని పేరు.

ఈ రెంటిలో మనుష్యుని నిజమైన పేరు ఏది? వాని లోపము చెప్పునదా, వానిని ప్రేమించినవారు పిలుచునదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఈ నెల 2 సమూయేలు 9వ అధ్యాయమును ధ్యానింతము. పదుమూడు వచనముల చిన్న అధ్యాయమిది. రాత్రి భోజనమైన తరువాత ఇంటిలో చదువు వచ్చినవారొకరు దీనిని చదువగా తక్కినవారు వినుడి.

1. రాజు అడిగిన ప్రశ్న

సౌలు దావీదును చంపగోరి కొండలలోను అడవులలోను తరిమెను. తుదకు గిల్బోవ పర్వతముమీద జరిగిన యుద్ధములో సౌలును, అతని కుమారుడగు యోనాతానును చనిపోయిరి. దావీదు రాజాయెను. ఆ కాలమందు క్రొత్త రాజు పాత రాజు కుటుంబములో మిగిలినవారెవరని విచారించెననగా, వినువారి గుండెలు జారిపోవును. మిగిలినవారిని వెదకుట చంపుటకే. దావీదు కూడ వెదకించెను. కాని అతడు వెదకించినది చంపుటకు కాదు, యోనాతాను నిమిత్తము ఉపకారము చేయుటకు.

యోనాతాను నిమిత్తము అను మాటను గుర్తు పెట్టుకొనుడి. 1 సమూయేలు 20వ అధ్యాయములో ఆ యిద్దరు స్నేహితులు పొలములో నిలిచి ప్రమాణము చేసికొనిరి. తన యింటివారిమీద దావీదు దయ ఎన్నటికిని తొలగిపోకూడదని యోనాతాను కోరెను. ఆ ప్రమాణములో మెఫీబోషెతు ఏమియు పలుకలేదు. అతడు రాజునకు అర్జీ పెట్టుకొనలేదు. ఎవరిచేతను సిఫారసు చేయించుకొనలేదు. దూరమున లోదెబారులో ఒకరి యింట తలదాచుకొనియుండగా, అతడెరుగకయే అతని నిమిత్తము ప్రేమ బయలుదేరి వచ్చుచుండెను.

ప్రియులారా, సువార్త ఇదియే గదా! మనము దేవుని వెదకకమునుపే క్రీస్తు నిమిత్తము దేవుడు మనలను వెదకెను. "నా జీవితమునకు అర్థమేమి? నేను ఎవరికి కావలెను?" అని మీలో ఎవరైన రాత్రివేళ నిద్రపట్టక ఆలోచించుచున్నయెడల, మొదట ఈ సంగతి ఎరుగుడి. మీ ప్రశ్నకంటె ముందుగా రాజు ప్రశ్న బయలుదేరినది. మీరు వెదకువారు కాకమునుపే వెదకబడుచున్నవారు.

2. సీబా చెప్పిన జవాబు

రాజు అడుగగా సౌలు సేవకుడగు సీబా జవాబు చెప్పెను. యోనాతానునకు ఒక కుమారుడు కలడనియు, అతని కాళ్లు కుంటివనియు చెప్పెను. ఇందులో అబద్ధము లేదు. కాని మూడవ వచనమును మరల చదువుడి. సీబా కాళ్లసంగతి చెప్పెను గాని పేరు చెప్పలేదు. ఆ యింటి సేవకునికి యజమానుని మనుమని పేరు తెలియదా? తెలిసియే యుండును. అయినను అతని నోటికి మొదట వచ్చినది లోపమే.

ఆ కాళ్లు ఏలాగు చెడెను? 4వ అధ్యాయము 4వ వచనములో నున్నది. అతడు అయిదేండ్ల బిడ్డగా నున్నప్పుడు, సౌలును యోనాతానును మరణించిరను వార్త రాగా, దాది బిడ్డను ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో బిడ్డ పడి కుంటివాడాయెను. ఇందులో బిడ్డ తప్పు ఏమియు లేదు. దాదియు వానికి కీడు తలచినది కాదు, వానిని బ్రదికింపవలెననియే పరుగెత్తినది. మన బ్రతుకులలోని గాయములలో అనేకము ఇట్టివే. కరువు సంవత్సరములో బడి మాన్పించి గొడ్లవెంట పంపిన తండ్రి బిడ్డను ద్వేషించినవాడు కాడు. ఎట్లయినను ఒక యింటికి చేర్చవలెనని పదునారేండ్లకే కూతురి మెడలో తాళి కట్టించిన తల్లి శత్రువు కాదు. భయములోను పేదరికములోను పరుగెత్తుచు చేయి జార్చినవారు వారు. గాయము నిజమే. కాని గాయము మీ పేరు కాదు.

సీబా జవాబువంటి జవాబును తరతరములుగా వినినవారు మన దేశములోని కుష్ఠరోగులు. దానిని మనవారు పెద్దరోగమందురు. పాకాలలో రైలెక్కి, చిత్తూరు దాటి, కాట్పాడిలో దిగి వేలూరు పెద్దాసుపత్రికి పోయివచ్చినవారు మన సంఘములలో అనేకులు కలరు. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒక్క మంచముతో ప్రారంభించిన పని అది. ఆ ఆసుపత్రికి 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. కొల్లి కొండలలో మిషనెరీల యింట పుట్టినవాడాయన. రోగుల వేళ్లు కుళ్లి రాలిపోవునని లోకమంతయు నమ్ముచుండెను. ఆయన శ్రద్ధగా పరిశీలించి, వేళ్లు అట్లు రాలుటలేదనియు, నరములు చెడి స్పర్శ పోవుటచేత కాలినను కోసికొన్నను రోగికి తెలియక పుండ్లుపడి వేళ్లు క్షీణించుచున్నవనియు కనుగొనెను. కొంకర్లు పోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి, మడిచి తెరువగల చేతులుగా మార్చెను.

ఆ తరువాత జరిగినది మనము ఆలోచింపవలసిన సంగతి. బాగుపడిన రోగులలో కొందరు తిరిగివచ్చి కష్టము చెప్పుకొనిరి. చేతులు వంకరగా నున్నప్పుడు చూచినవారు జాలిపడి భిక్షమైన వేసిరి. ఇప్పుడు భిక్షమును లేదు, పనియు ఎవరును ఇయ్యరు. చేయి బాగుపడెను గాని ఊరు వారిని పిలుచు పేరు మారలేదు. అందుచేత బ్రాండ్ దొరగారును ఆయన తోటివారును ఒక చిన్న పల్లెవంటి స్థలము నేర్పరచి, వారికి వడ్రంగము మొదలైన పనులు నేర్పిరి. చేతికి చికిత్స చాలదనియు, మనుష్యునికి మరల ఒక చోటు కావలెననియు వారు గ్రహించిరి.

నేడు ఆ రోగమునకు మంచి మందులున్నవి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని మందులను కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసెను. ప్రభుత్వ ఆసుపత్రులలో దానిని ఉచితముగా ఇచ్చుచున్నారు. మందు మొదలుపెట్టిన స్వల్పకాలములోనే రోగము ఇతరులకు అంటు శక్తి పోవును. అయినను మన దేశపు చట్టము 2019 వరకు ఆ రోగమును విడాకులకు కారణముగా నుంచెను. క్రైస్తవులకు వర్తించు 1869వ సంవత్సరపు చట్టములోను ఆ మాట యుండెను. 2019లో పార్లమెంటు అయిదు చట్టములలోనుండి దానిని తీసివేసెను. ఆలోచించుడి! మందు వచ్చిన తరువాత కూడ సీబా జవాబు పుస్తకములలోనుండి చెరిగిపోవుటకు అన్ని సంవత్సరములు పట్టెను. మన నోళ్లలోనుండి చెరిగిపోవుటకు ఇంకెన్ని సంవత్సరములు పట్టునో!

3. రాజు పిలిచిన పిలుపు

మెఫీబోషెతును తీసికొనివచ్చిరి. అతడు సాగిలపడెను. అప్పుడు రాజు పలికిన మొదటి మాట యేమి? ఆరవ వచనము చూడుడి. అతని పేరే. సీబా చెప్పని పేరును రాజు పలికెను. ఎవరినో అడిగి తెలిసికొనియే యుండును. రాజులకు అనేక పనులుండును, అయినను ఈ రాజు ఒక దిక్కులేనివాని పేరు కనుగొనుటకు ప్రయాసపడెను.

కాని పిలువబడినవాడు వెంటనే నమ్మలేకపోయెను. తాను చచ్చిన కుక్కవంటివాడనని చెప్పుకొనెను. వీధి చిరకాలము పలికిన పేరును మనుష్యుడు తుదకు తానే పలుకుకొనును. మనవారు ఈ బాధను పుస్తకములవలన గాక ఒంటివలన ఎరుగుదురు. ఊరికి వెలుపల ఇండ్లు కట్టుకొన్న మన తాతలను ఊరివారు పిలిచిన పిలుపులు ఈ పత్రికలో వ్రాయతగినవి కావు. ఆ తాతలు సువార్త విన్నప్పుడు వారి గుండెను కదిలించినది ఈ సంగతియే. గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరి యొకడు కలడని యోహాను 10వ అధ్యాయములో వారు వినిరి. తమ్మును ఎవరును అట్లు పిలిచియుండలేదు.

ఇప్పుడు మన యౌవనస్థుల మనస్సులో నున్న మరియొక చిక్కును చెప్పెదను. ఇంటర్మీడియెటు చదువుచున్న ఒక పిల్లవాడు నన్నిట్లు అడిగెను: "అయ్యగారూ, గుడిలో నాకొక పేరు, బడి రికార్డులో ఒక పేరు. ఈ రెండింట్లో నేనెవుర్ని?" అతడు ఎగతాళికి అడుగలేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములవారను గుర్తింపు మొదట హిందువులకు మాత్రమే యుండెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిరి. క్రైస్తవులు చేర్చబడలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో సి అను విభాగములో నుంచిరి. ఈ ఏర్పాటులోని న్యాయాన్యాయములు న్యాయస్థానములలోను చట్టసభలలోను వాదింపబడవలసినవి. నేను ఆ బిడ్డ ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పుచున్నాను.

రెండు పేర్లుండుట పాపము కాదు. దానియేలునకు బబులోను అధికారి బెల్తెషాజరు అను పేరు పెట్టెను. ఎస్తేరునకు హదస్సా అను పేరును కలదు. దానియేలు బబులోను రికార్డులలో ఏ పేరుతో నున్నను, కిటికీలు తెరచి మోకాళ్లూని ప్రార్థించినప్పుడు తానెవరివాడో మరచిపోలేదు. నాయనా, నీవు కాగితముమీద ఏమి వ్రాయవలెనో సత్యమునుబట్టియు మనస్సాక్షినిబట్టియు తీర్మానించుకొనుము. అబద్ధముమీద కట్టిన యిల్లు నిలువదు. కాని కాగితము నీ యెదుట పెట్టు ప్రశ్న ఒకటి, దేవుడు నిన్నడుగు ప్రశ్న మరియొకటి. కాగితము "నీవు ఏ వర్గపువాడవు?" అని అడుగును. దేవుడు "నీవు ఎవరి బిడ్డవు?" అని అడుగును. ఆ రెండవ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు మొదటి ప్రశ్న యెదుట తలవంచుకొని నిలువనక్కరలేదు.

4. బల్ల క్రింది కాళ్లు

అతడు రాజు బల్లయొద్ద భోజనము చేయునని ఈ చిన్న అధ్యాయములో నాలుగుమారులు వ్రాయబడెను: 7, 10, 11, 13 వచనములలో చూడుడి. రాజకుమారులలో ఒకనివలె భోజనము చేసెనట. అతనికి మీకా అను చిన్న కుమారుడు కలడని కూడ 12వ వచనములో నున్నది. తండ్రికి గౌరవము వచ్చిన దినమున ఆ పసివాని తలయు ఎత్తబడెను.

తుదకు అధ్యాయమెట్లు ముగియుచున్నది? అతని కాళ్లు రెండును కుంటివని ముగియుచున్నది. కాళ్లు బాగుపడినవని వ్రాయబడలేదు. ప్రేమ కాళ్లు బాగగువరకు కనిపెట్టలేదు. కుంటికాళ్లతోనే బల్లయొద్దకు పిలిచెను. బల్లయొద్ద కూర్చున్నవాని కాళ్లు బల్ల క్రింద నుండును, ముఖము బల్లకు పైన కనబడును.

ఇది మాటలకు మాత్రమే కాదు, మన సమీపమున బ్రతుకులో జరిగిన సంగతి. వేలూరులోనే డాక్టరు మేరీ వర్గీసు అను యువతి యుండెను. కేరళలో పుట్టి, వేలూరులో వైద్యము చదివినది. 1954లో జరిగిన మోటారు ప్రమాదములో ఆమె వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింది భాగము చచ్చుబడెను. నిలువలేని వైద్యురాలు ఇక ఏమి చేయగలదు? లోకము చూచినయెడల సీబావలె కాళ్లసంగతియే చెప్పియుండును. అయితే ఆమెను బ్రాండ్ దొరగారు పనికి పిలిచిరి. చక్రముల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేయ నేర్చుకొనెను. తరువాత అమెరికాలో శిక్షణ పొందివచ్చి, అంగవికలులైనవారు మరల పనిపాటలకు అలవడునట్లు సహాయముచేయు విభాగమునకు వేలూరులో అధిపతి ఆయెను. 1966లో అక్కడ పునరావాస సంస్థ తెరువబడెను. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదునిచ్చెను. 1986లో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె కాళ్లు తిరిగి రాలేదు. కాని చెట్టుమీదనుండి పడి నడుము విరిగినవారు ఆమె యెదుటికి వచ్చినప్పుడు, తమవంటి కుర్చీలోనే కూర్చున్న వైద్యురాలిని చూచిరి. కాళ్లున్న వైద్యులెవరును ఇయ్యలేని ధైర్యము వారికి అక్కడ దొరికెను.

జీవితమునకు అర్థము ఈలాగున దొరకును. పోయినదానిని లెక్కించుచు కూర్చున్నవారికి అది దొరకదు. నేను ప్రేమింపబడి పిలువబడితిని గనుక, నేనెవరిని పిలువవలెను? అని అడుగువారికి దొరకును.

5. మన యింటి చాప

మన యిండ్లలో బల్లలు లేకపోవచ్చును. నేలమీద చాపవేసికొని కూర్చుండి సంగటిముద్ద తినుదుము. ఆ చాపయే మన బల్ల. ఈ నెల మిమ్మును నేనడుగునది ఒక్కటే. మీ చాపమీద ఎవరి చోటు ఖాళీగా నున్నది?

దగ్గు వచ్చినదని ముసలితండ్రికి పంచలో వేరుగా గిన్నె పెట్టితిరా? క్షయ గిన్నెలవలన అంటదు, దగ్గినప్పుడు గాలిద్వారా అంటును. ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోయి మందు మింగించుడి, గాలి ఆడుచోట కూర్చుండబెట్టుడి, కాని కుక్కకు విసరినట్లు అన్నము పెట్టకుడి. మీ మాట కాదని పెండ్లిచేసికొన్న కూతురు సంవత్సరములతరబడి గడప త్రొక్కలేదా? ఆమె పేరు పలికినయెడల ఇంటిలో అందరును మౌనముగా నుందురా? త్రాగుబోతని పేరుపడిన తమ్ముడు మానివచ్చిన తరువాత కూడ అతనిని ఆ పేరుతోనే పిలుచుచున్నారా? బిడ్డలులేని కోడలిని శుభకార్యములో వెనుకకు జరుపుచున్నారా?

బెంగుళూరులోను కువైటులోను పనిచేయు కుమారులారా, మీరు పంపు రూకలు తల్లికి చేరుచున్నవి, మంచిదే. కాని తల్లి ఎదురుచూచునది పేరుపెట్టి పిలుచు గొంతుకొరకు. ఆదివారము గుడి విడిచిన తరువాత పది నిమిషములు ఫోనులో ఆమెతో మాట్లాడుడి. ఏమి తింటివమ్మా అని అడుగుడి. అంతమాత్రమే చాలును.

సంఘపెద్దలారా, ప్రభువు బల్లను గూర్చి మీతో ఒక మాట. అక్కడ మనమందరము కుంటికాళ్లవారమే. ఆ బల్లయొద్దకు యోగ్యతచేత వచ్చినవాడెవడును లేడు. ఒకడు ధనికుడనియు మరియొకడు కూలివాడనియు అక్కడ లేదు. మోకాళ్లూనలేని ముదుసలికిని, మెట్లెక్కలేని అంగవికలునికిని రొట్టెయు ద్రాక్షారసమును వారున్న చోటికే తీసికొనిపొండి. ఇచ్చునప్పుడు వారి పేరుపెట్టి ఇయ్యుడి.

6. అతడు తుదకు కోరినది

మెఫీబోషెతు కథ ఇంకను కొంత కలదు. 19వ అధ్యాయములో దావీదు అబ్షాలోమునకు భయపడి పారిపోయి తిరిగివచ్చినప్పుడు, ఇతడు ఎదుర్కొన వచ్చెను. రాజు వెళ్లిన దినము మొదలుకొని బట్టలు ఉదుకుకొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు. సీబా అతనిమీద నిందవేసి భూములను సంపాదించుకొనియుండెను. రాజు భూమిని ఇద్దరును పంచుకొనుడని తీర్పు చెప్పగా, మెఫీబోషెతు జవాబు వినుడి. అంతయు సీబాయే తీసికొనవచ్చును, నా రాజు క్షేమముగా ఇంటికి వచ్చెను, నాకు అదే చాలునని భావము.

మన ప్రాంతములో గట్టుకొరకు అన్నదమ్ములు కోర్టులకెక్కి, ఒకరి శవమునొకరు చూడరాని శత్రువులైన కుటుంబములున్నవి. వారికి ఈ మాట వెఱ్ఱిగా తోచును. కాని ఒకప్పుడు చచ్చిన కుక్కనని చెప్పుకొన్నవాడే ఇట్లు పలుకుచున్నాడు. మొదట అతనికి పేరు లేదు, ఇప్పుడు పొలము పోయినను పేరు పోదు. ఎవరి ప్రేమచేత తాను మనుష్యుడాయెనో ఆ రాజు ముఖము చూచెను. అతనికి కొరత లేదు.

ప్రియులారా, రాబోవు ఆదివారమునకు ముందు ఒక్క పని చేయుడి. లోపమునుబట్టి మీరు పిలుచువారి నొక్కరిని తలంచుకొనుడి. వారి అసలు పేరు తెలియనియెడల అడిగి తెలిసికొనుడి. ఆ పేరుతో పిలిచి, మీ చాపమీద మీ ప్రక్కను కూర్చుండబెట్టి, మీరు తినునదియే వారికి పెట్టుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము నిన్ను వెదకకమునుపే నీవు మమ్మును వెదకితివి. మా కాళ్లను చూడక నీ కుమారుని నిమిత్తము మమ్మును నీ బల్లయొద్ద కూర్చుండబెట్టితివి. మా నోళ్లనుండి సీబా మాటను తీసివేయుము. మా యిండ్లలో ఖాళీయైన చోట్లను నింపుము. మేము ఎవరి బిడ్డలమో ఎన్నడును మరువకుండునట్లు సహాయము చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.